బీమా కంపెనీ క్లెయిమ్‌ను నెలల తరబడి నాన్చితే కార్మికుడు దానిమీద విడిగా కేసు వేయవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. మీ అన్న తాడిపత్రిలోని ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ 2024 నవంబరులో కటింగ్ మిషను దగ్గర కుడిచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను మొదలంటా పోగొట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు, జీతం నెలకు 18,000 రూపాయలు. అక్కడ పనివాళ్లు ఏడుగురే కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) లేదు, కానీ యజమాని ఉద్యోగుల నష్టపరిహార పాలసీ తీసుకున్నారు. బీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చిన వ్యక్తి, మీ అన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోనే రెండు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. తర్వాత పద్నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఒకటిన్నర లక్ష ఇస్తామనీ, పరిహారం పూర్తిగా ముట్టిందని రాసిచ్చి సంతకం చేయమనీ అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మీ బంధువు అక్కడ ఇలాంటి వాటికి బీమా కంపెనీ మీదనే విడిగా దావా వేస్తారని చెప్పారు. మన దగ్గర కూడా వేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, క్లెయిమ్‌ను అన్యాయంగా నడిపినందుకు కార్మికుడు బీమా కంపెనీ మీద విడిగా వేసే దావా అంటూ మన చట్టంలో లేదు. పాలసీ ఒప్పందం కంపెనీకీ యజమానికీ మధ్య జరిగింది, మీ అన్న అందులో పక్షం కారు. అంతమాత్రాన ఆలస్యానికి ధర లేదని కాదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలోని 4ఏ సెక్షన్ ఆ ధరను ముందే కట్టిపెట్టింది. పరిహారం చెల్లించాల్సిన రోజు నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, ఆ ఆలస్యానికి సరైన కారణం లేకపోతే బాకీ మొత్తంలో సగం వరకు జరిమానా. ఈ రెండూ కార్మికుడికే చేరతాయి. కాబట్టి మీరు వెళ్లవలసిన చోటు అనంతపురంలో కార్మిక శాఖ అధికారి నష్టపరిహార కమిషనర్ హోదాలో కూర్చునే కార్యాలయం. అక్కడ యజమానినీ బీమా కంపెనీనీ ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చి దరఖాస్తు వేయాలి. ఆ లక్షన్నర కాగితం మీద మాత్రం సంతకం చేయించకండి.

మీ బంధువు చెప్పినది అబద్ధం కాదు గానీ, అక్కడ కూడా రాష్ట్రానికో తీరు ఉంది. టెక్సస్ సుప్రీంకోర్టు 1988లో కార్మికుడికి అలాంటి హక్కు ఉందని చెప్పి, 2012లో తన తీర్పును తానే తిరగరాసింది. ఆ దారి గురించి ఆలోచిస్తూ మీరు కాలం పోగొట్టుకోవద్దు. మనకున్న దారి ఇరుకైనదే అయినా నడవగలిగిన దారి.

నేను అనంతపురంలో న్యాయవాదిగా ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదటి ఆరేడేళ్లు బీమా కంపెనీల తరఫునే వాదించాను, తర్వాత కార్మికుల వైపుకు వచ్చాను. ఆ రోజుల్లో నా చేతికి వచ్చిన ఫైళ్లలో చాలావాటి మీద ఒకటే వాక్యం నెలనెలా తేదీ మారి కనబడేది: 'విచారణ నివేదిక రావలసి ఉంది.' కొన్నిటిలో ఆ నివేదిక ఫైలులోనే ఉండేది. ఎవరో కూర్చుని కుట్ర పన్నారని నేను అనను. నిర్ణయం తీసుకున్న అధికారి ఆడిటుకు జవాబు చెప్పాలి, తీసుకోని అధికారిని అడిగేవారు లేరు, అందుకే ఫైలు కదలదు. కానీ ఆ కదలని ఫైలు అవతలి కొసన వేళ్లు తెగిన మనిషి వడ్డీకి అప్పు తెచ్చి కట్లు కట్టించుకుంటూ ఉంటాడు. ఆ సంగతి నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక మీ అన్నకు రావలసినది ఎంతో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఆ అంకె తెలియనంతవరకు లక్షన్నర పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. జీతం 18,000 అయినా చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం 15,000. ఇది 2020 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు 8,000 ఉండేది. శాశ్వత వైకల్యానికి ఆ జీతంలో 60 శాతం, అంటే 9,000 తీసుకుని, వయసును బట్టి నాలుగో షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. 35 ఏళ్లకు ఆ గుణకం 197.06. లబ్ధం 17,73,540 రూపాయలు. ఇది పూర్తి వైకల్యానికి. ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతమని మొదటి షెడ్యూలు చెబుతుంది కాబట్టి మీ అన్నకు రావలసిన అసలు 5,32,062 రూపాయలు. దానిమీద ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ సుమారు 63,850 రూపాయలు, అంటే నెలకు అయిదు వేల మూడు వందలకు పైగా. పద్నాలుగు నెలలకు ఇది 74,000 దాటింది. వాళ్లు ఇస్తామంటున్న లక్షన్నర, అసలులో మూడో వంతు కూడా కాదు.

30 శాతం దగ్గరే ఆగాలా అంటే, ఆగనక్కరలేదు, కానీ సాక్ష్యం కావాలి. ఎడమచెయ్యి మోచేతి పైవరకు తీసేసిన వడ్రంగి విషయంలో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో చెప్పింది. షెడ్యూలులోని శాతం ఒకటి, ఆ మనిషి చేసే పనిలో పోయిన శక్తి ఇంకొకటి. మీ అన్న చేసేది బండను అంచు పట్టి ఎత్తి, మిషను కింద సర్ది, తిప్పే పని. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు లేని కుడిచెయ్యి బండ అంచును పట్టలేదు. ఈ మాట వైద్యుడి నోట కమిషనర్ ముందు రావాలి. ధ్రువపత్రం దాఖలు చేసి ఊరుకుంటే ఎదుటి న్యాయవాది దానిని తేలికగా కొట్టిపారేస్తాడు.

బేతంచెర్లలో పనిచేసిన ఒక కార్మికుడి కేసు నాకు ఇప్పటికీ గుర్తుంది. అతనికి కుడిచేతి రెండు వేళ్లు పోయి, మూడోది వంగకుండా బిగుసుకుపోయింది. కంపెనీ న్యాయవాది అడ్డప్రశ్నల్లో, మీరు మీ చేత్తోనే అన్నం తింటున్నారు కదా అని అడిగాడు. అతను అవునన్నాడు. అధికారి ఏమీ అనకుండా తన బల్ల మీదున్న నీళ్ల గ్లాసును అతని వైపు జరిపి తాగమన్నారు. అతను అలవాటుగా రెండు అరచేతుల మధ్య గ్లాసును ఇరికించి పైకెత్తి తాగాడు. తను అలా పట్టుకుంటున్నానన్న సంగతి కూడా అతనికి తెలిసినట్టు లేదు. ఆ తర్వాత వైకల్యం శాతం మీద వాదన ఎక్కువసేపు సాగలేదు.

వడ్డీ ఏ రోజు నుంచి అన్నది పాత తగాదా. కమిషనర్ ఉత్తర్వు వచ్చిన నాటి నుంచే అని బీమా కంపెనీలు ఇప్పటికీ వాదిస్తాయి, ఆ అర్థం వచ్చే తీర్పు ఒకటి 2007లో వచ్చింది కూడా. కానీ పరిహారం ప్రమాదం జరిగిన రోజే బాకీ పడుతుందని పైన చెప్పిన 1975 తీర్పు స్పష్టంగా చెప్పింది. 2012లో సిబీ జార్జ్ కేసులో, 2018లో సుజాత కేసులో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. కాబట్టి దరఖాస్తులో వడ్డీని ప్రమాదం తేదీ నుంచే అడగండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని చోటికి వస్తాను. ఆలస్యం చేసేది కంపెనీ, జరిమానా పడేది యజమానికి. 4ఏ సెక్షన్‌లో జరిమానా అన్నది యజమాని చేసిన తప్పుకు శిక్ష కాబట్టి బీమా కంపెనీ దానిని భరించనక్కరలేదని, అసలు పరిహారం, వడ్డీ మాత్రమే భరించాలని సుప్రీంకోర్టు 1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ కేసులో తేల్చింది. అది వాహన బీమా కేసు. ఫ్యాక్టరీ పాలసీల విషయంలో ఇంకో మెలిక ఉంది. వడ్డీ మేము చెల్లించం అని పాలసీలో స్పష్టంగా రాసుకుంటే అది చెల్లుతుందని 2006లో హర్షద్‌భాయ్ మోధియా కేసులో అదే న్యాయస్థానం చెప్పింది. ఎందుకంటే హక్కులు వదులుకునే ఒప్పందం చెల్లదని చెప్పే 17వ సెక్షన్ కార్మికుడికి రక్షణ గానీ, యజమానికీ బీమా కంపెనీకీ మధ్య బేరానికి అడ్డు కాదు. అలాంటి షరతు ఉన్నప్పుడు కూడా కార్మికుడికి వడ్డీ రావడం ఆగదు, అది యజమాని జేబు నుంచి వస్తుంది, అంతే తేడా.

మీ యజమానికి ఇది తెలియకపోవడానికే అవకాశం ఎక్కువ. పాలసీ కట్టాను, ఇక నాకేం సంబంధం, కంపెనీ చూసుకుంటుంది అని మన ప్రాంతంలో చిన్న ఫ్యాక్టరీ యజమానులు నిజాయతీగానే నమ్ముతారు. ఆయన మీకు శత్రువు కానక్కరలేదు. పాలసీ పూర్తి ప్రతిని, షరతుల కాగితాలతో సహా అడిగి తీసుకోండి. వడ్డీ గురించి ఏం రాసిందో, వైద్య ఖర్చులకు అదనపు రక్షణ తీసుకున్నారో లేదో, పనివాళ్ల సంఖ్య, జీతాలు ఎంతని చూపారో చదవండి. చికిత్సకు నిజంగా అయిన ఖర్చును కూడా యజమాని తిరిగి ఇవ్వాలని చట్టంలో 2009 సవరణతో చేరింది. పాలసీలో దానికి రక్షణ లేకపోతే కంపెనీ ఇవ్వదు, యజమాని ఇవ్వాలి. ఒకవేళ ఆయన ఆసుపత్రి బిల్లులు కట్టి ఉంటే, ఆ మొత్తాన్ని పరిహారంలో తగ్గించుకునే వీలు లేదు.

జీతం తక్కువ చూపిన సమస్య మీకు ఎదురు కావచ్చు. ప్రీమియం జీతాల మొత్తం మీద లెక్కిస్తారు కాబట్టి, 18,000 ఇచ్చే మనిషికి 9,000 అని రాయించిన పాలసీలు నేను లెక్కలేనన్ని చూశాను. అప్పుడు కంపెనీ మా వాటా ఆ మేరకే అంటుంది. మీ అన్న హక్కు మాత్రం అసలు జీతం మీదనే, చట్టం పెట్టిన 15,000 పరిమితికి లోబడి. తేడా యజమాని భరించాలి. జీతం రుజువుకు బ్యాంకు ఖాతా ఉంటే మేలు. లేకపోతే మేస్త్రీ రాసే హాజరు పుస్తకం, వారం వారం ఇచ్చే ఖర్చుల చీటీలు, సెల్‌ఫోనుకు వచ్చిన డబ్బు జమ సందేశాలు, పక్క మిషను మీద పనిచేసేవారి సాక్ష్యం, ఇవన్నీ పనికివస్తాయి. వాటి ఫొటోలు ఈరోజే తీసి పెట్టుకోండి, ఎందుకంటే కేసు పడిన తర్వాత హాజరు పుస్తకాలు కనబడకుండా పోవడం నాకు కొత్త కాదు.

యజమానికి ఎందుకింత ప్రాధాన్యం ఇస్తున్నానంటే, బీమా కంపెనీ ప్రవర్తనను నేరుగా ప్రశ్నించే హక్కు పాలసీదారుగా ఆయనకే ఉంది. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి మీరు వినియోగదారు కారు అని కంపెనీలు అభ్యంతరం చెప్పేవి. బీమా నష్టాన్ని పూడ్చుకోవడానికి తీసుకునేదే తప్ప లాభం కోసం కాదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఆ అభ్యంతరం బలం కోల్పోయింది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. కార్మికులు సొంతంగా ఐఆర్‌డీఏఐకి పెట్టిన ఫిర్యాదులు మాత్రం, మీరు పాలసీదారు కారు అన్న జవాబుతో తిరిగి రావడమే నేను చూశాను.

ఇద్దరు యజమానుల సంగతి చెబుతాను, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే తరహా ప్రమాదం. ఒకాయన ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు నడిపేవారు. కంపెనీ మనుషులతో రోజూ ఫోనులో మాట్లాడేవారు, వాళ్లు రేపు మాపు అనేవారు, ఆయన నమ్మేవారు. కమిషనర్ జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పమని నోటీసు ఇచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. జరిమానా పడింది. రెండో ఆయన తాడిపత్రి మనిషే, చదువు ఎక్కువ లేదు. ప్రమాదం జరిగిన మర్నాడు కంపెనీకి రాసిన ఉత్తరం మొదలుకొని అయిదు ఉత్తరాల నకళ్లు, వాటి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును బీరువాలో కూతురి పెళ్లి నగల పక్కన దాచారు. విచారణ రోజున ఆ కార్డులను తేదీల వరసలో అధికారి బల్ల మీద పేర్చారు. ఆలస్యానికి ఆయన వైపు తగిన కారణం ఉందని అధికారి ఒప్పుకుని జరిమానా వేయలేదు. పాలసీలో వడ్డీ మినహాయింపు ఉండడంతో వడ్డీ మాత్రం ఆయనే కట్టవలసి వచ్చింది. ఆ తర్వాత అవే కార్డులతో వినియోగదారుల ఫోరానికి వెళ్లి, మీ ఆలస్యం వల్లనే నాకు ఈ వడ్డీ పడింది అని వాదించి, సేవాలోపం కింద ఆ మొత్తాన్ని కంపెనీ నుంచి రాబట్టుకున్నారు. బీమా కంపెనీ తన అన్యాయపు నడవడికి నిజంగా మూల్యం చెల్లించడం నేను కళ్లారా చూసిన కేసుల్లో అదొకటి, అది యజమాని చేతుల మీదుగానే జరిగింది.

కార్మికుడి తరఫున నిలబడిన నేను యజమానికి జరిమానా తప్పినందుకు బాధపడాలా అని అప్పట్లో ఒక జూనియర్ అడిగాడు. జరిమానా వస్తే నా కక్షిదారుకు ఇంకొంత డబ్బు వచ్చేది, అది నిజమే. కానీ ఆ యజమాని కాగితాలు దాఖలు చేయడం వల్లనే, అతను ఆ ఫ్యాక్టరీలో పనిచేయలేదేమో అన్న బీమా కంపెనీ వాదన మొదటి వాయిదాలోనే పడిపోయింది, ఉత్తర్వు ఏడాది ముందు వచ్చింది. మీరు జరిమానా తప్పకుండా అడగండి, దరఖాస్తులో ప్రత్యేకంగా రాయండి, దానికి వేరే నోటీసు ఇవ్వాలని అధికారిని కోరండి. అడగకపోతే చాలాసార్లు దాని ఊసే ఉత్తర్వులో రాదు.

లక్షన్నర విషయానికి వస్తే, దానిని పూర్తిగా తోసిపుచ్చకుండా మీకు అనుకూలంగా వాడుకోవచ్చు. యజమాని అడిగినంత బాధ్యతను ఒప్పుకోకపోయినా, తాను ఒప్పుకున్న మేరకు ముందుగా చెల్లించి తీరాలని, అలా తీసుకున్నందువల్ల మిగతాది అడిగే హక్కు పోదని 4ఏ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ చెబుతోంది. కంపెనీ లక్షన్నర ఇస్తానందంటే ఆ మేరకు బాధ్యత ఒప్పుకున్నట్టే. కాబట్టి యజమానికి, కంపెనీకి ఒక ఉత్తరం రాయండి: 'మీరు ఒప్పుకున్న మొత్తాన్ని 4ఏ(2) కింద తాత్కాలిక చెల్లింపుగా ఇవ్వండి లేదా కమిషనర్ దగ్గర జమ చేయండి, మిగతా పరిహారం, వడ్డీ, జరిమానాల మీద మా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటాము.' ఆ ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వాళ్లు ఇస్తే అప్పుల్లో కొంత తీరుతుంది. ఇవ్వకపోతే, ఒప్పుకున్న డబ్బును కూడా ఆపారన్న సంగతి రికార్డులోకి వస్తుంది, జరిమానా వాదనకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

సంతకం ఇప్పటికే అయిపోయిన వారు ఈ సమాధానం చదువుతుంటే, వారికీ దారి మూసుకుపోలేదు. ఏకమొత్తంగా రాజీ కుదిరితే ఆ ఒప్పందాన్ని యజమాని 28వ సెక్షన్ కింద కమిషనర్ దగ్గరకు నమోదుకు పంపాలి. మొత్తం చాలదనో, మోసంతో, ఒత్తిడితో రాయించుకున్నారనో అనిపిస్తే కమిషనర్ నమోదుకు నిరాకరించవచ్చు. నమోదు చేయని ఒప్పందమైతే 29వ సెక్షన్ ప్రకారం చట్టం కింద రావలసిన పూర్తి పరిహారానికి యజమాని బాధ్యుడు. పైగా తాను ఇచ్చినదానిలో సగానికి మించి తగ్గించుకునే వీలు, కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప, ఆయనకు ఉండదు. మరణించిన కార్మికుడి విషయంలోనైతే పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇచ్చేసినా అది చెల్లింపు కిందికే రాదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. భర్త పోయిన ఇంటికి పదకొండో రోజున వచ్చి, కర్మ ఖర్చులకని కొంత డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుపోయిన సంఘటనలు మన ప్రాంతంలోనూ ఉన్నాయి. ఆ కాగితానికి కుటుంబం భయపడనక్కరలేదు.

తెల్లకాగితాల మీద వేలిముద్రల విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. మీ అన్న పదో తరగతి చదివారని, బ్యాంకులో సంతకమే చేస్తారని మీరు రాశారు. సంతకం చేసే మనిషి వేలిముద్ర వేయడానికి కారణం, ఆ రోజు కుడిచెయ్యి కట్టులో ఉండడమే. రేపు ఆ కాగితం మీద, మిషను గార్డు (చెయ్యి తగలకుండా పెట్టే అడ్డు) నేనే తీసేశాను, మద్యం తాగి ఉన్నాను అని రాసి తెస్తే, ఏ పరిస్థితిలో తీసుకున్నారో ఆ ముద్రే చెబుతుంది. బ్యాంకు సంతకం నమూనా, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, విచారణకు వచ్చిన తేదీ, ఆ సమయంలో ఇంట్లో ఉన్నవారి పేర్లు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మేము ఏ వాంగ్మూలమూ చదివి ఇవ్వలేదు, తెల్లకాగితాల మీద ముద్రలు తీసుకున్నారు, వాటిని తిరిగి ఇవ్వండి అని కంపెనీకి వెంటనే రాయండి. కేసు మొదలయ్యాక చెప్పే మాటకంటే, ఆ కాగితం బయటికి రాకముందే చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

మద్యం, గార్డు తీసేయడం, రాసిపెట్టిన భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, ఈ మూడూ తప్ప కార్మికుడి అజాగ్రత్త అన్న మాట ఈ చట్టం ముందు నిలవదు. ప్రాణం పోయినా, శాశ్వత పూర్తి వైకల్యం వచ్చినా ఈ మూడు కూడా అడ్డు రావు. మీ అన్నది పాక్షిక వైకల్యం కాబట్టి కంపెనీ ఈ మూడింటిలో ఒకదానిని పట్టుకోవచ్చు. అది కావాలని చేసిన పని అని రుజువు చేయవలసిన భారం వాళ్లదే. మిషనుకు అసలు గార్డే లేకపోతే, ఇప్పుడే దాని ఫొటో దొరుకుతుందేమో తోటి పనివాళ్లను అడగండి.

ఈఎస్ఐ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్యాక్టరీలో పదిమంది, అంతకు పైగా ఉండి, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ చట్టం వర్తించవచ్చు. అది వర్తించే కార్మికుడికి ఈ చట్టం కింద పరిహారం రాదు, ఈఎస్ఐ నుంచే ప్రయోజనాలు పొందాలి. ఏడుగురే అని మీరు రాశారు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటున్నాను, కానీ కాంట్రాక్టరు తెచ్చిన లోడింగు కూలీలను కూడా కలిపి లెక్కించి చూడండి.

2025 నవంబరు 21న 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కదా, పాత చట్టం ఎలా వర్తిస్తుంది అని కొందరు అడుగుతున్నారు. పరిహారం హక్కు ప్రమాదం జరిగిన రోజునే ఏర్పడుతుంది, ఆ రోజున ఉన్న చట్టం ప్రకారమే లెక్క. 1999లో వల్సల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే. మీ అన్న ప్రమాదం 2024లో జరిగింది కాబట్టి పైన వేసిన లెక్కలన్నీ 1923 చట్టం ప్రకారమే వేశాను. కోడ్ వచ్చిన తర్వాత జరిగిన ప్రమాదాలకు దాని నిబంధనలు చూడాలి.

దరఖాస్తుకు గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు, అంటే మీకు 2026 నవంబరు వరకు ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది గానీ, కంపెనీ వాళ్లు ఇస్తామన్నారని ఎదురుచూశాము అన్నది ఎప్పుడూ నిలిచే కారణం కాదు. ప్రమాదం జరిగిన చోటైనా, మీ అన్న నివసించే చోటైనా వేయవచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, పోటీగా నడిచే కేసుకు ఏడాది, ఏడాదిన్నర పట్టడమే నా అనుభవం. ఉత్తర్వు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే మొత్తాన్ని ముందుగా జమ చేసి, కమిషనర్ ధ్రువపత్రం జతచేయాలి, అదీ ముఖ్యమైన న్యాయసూత్రం ప్రశ్న ఉంటేనే. అందువల్ల ఇక్కడ గట్టిగా తెచ్చుకున్న ఉత్తర్వు అంత తేలికగా చెదరదు.

న్యాయవాది ఖర్చుకు వెనకాడుతున్నామని మీరు రాశారు. పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. అనంతపురం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని వారే ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆధార్, వయసు రుజువు, ఆసుపత్రి కాగితాలు, బిల్లులు, పాలసీ ప్రతి, హాజరు పుస్తకం ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని, మీ అన్నను కూడా వెంట తీసుకువెళ్లండి. కాగితాలు మీరే ఇచ్చి వచ్చేస్తే సరిపోతుందనుకోకండి. ఆయన చేతిని న్యాయవాది మొదటి రోజే చూడాలి, ఏ పనికి ఆ చెయ్యి ఇప్పుడు లేవడం లేదో ఆయన నోటితోనే విని దరఖాస్తులో రాయాలి.

కంపెనీకి రాసే రెండు ఉత్తరాల నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, మీ వివరాలకు సరిపోయేలా రాసి పెడతాను. వేలిముద్రల గురించిన ఉత్తరం మాత్రం ఈ వారమే వెళ్లాలి.